పారాణి గడప

లోపలికి వెళ్లిన మంచం బయటికి రాలేదు.

నిలువుగా పెట్టి చూశాం, అడ్డంగా తిప్పి చూశాం, కోళ్లు ముందుకి పెట్టి తోశాం. వలలు లాగి కండలు తేలిన మగాళ్లు చెమటలు కక్కుతున్నారు గానీ, మంచం గుమ్మం దాకా వచ్చి మొరాయిస్తోంది. నా తోడబుట్టిన అప్ప బంగారమ్మ లోపల గోడకి జారగిలబడి కూర్చుని, ఎవరింట్లోదో మంచం అన్నట్టు చూస్తోంది.

"నాను సెప్పినాను గదేటి, అది రాదని," అంది.

"ఎలా రాదే? ఈ గుమ్మంలోంచే కదా లోపలికి ఎల్లింది!"

"అప్పుడు గుమ్మం పెద్దదే."

ఒళ్లు మండింది నాకు. ఆ గుమ్మం గీసింది నేను, దగ్గరుండి కట్టించింది నేను. గుమ్మాలు చిన్నవీ పెద్దవీ అవుతాయా అని గొణుక్కుంటూ టేపు తీసి కొలిచాను. మళ్లీ కొలిచాను. జానెడు పైగా తగ్గింది.

ఆ మంచం మా బావ కొర్లయ్యది. వేట నిషేధం ఎత్తేసిన వారంలో తెప్ప వేసుకుని వెళ్లాడు. తెప్పా రాలేదు, మనిషీ రాలేదు. శవం దొరకని చావుకి మా గవ్వలపేటలో ఒక పద్ధతి ఉంది. సముద్రం ఏదో ఒకటి తిరిగివ్వాలి. తెడ్డో, తలగుడ్డో, వల ముక్కో. ఇచ్చేదాకా ఆ ఇంటికి మైల తీరదు. పొయ్యి మీద చేప ఉడకదు, గడపకి పసుపు ఉండదు. బావ పోయాక ఎండాకాలం పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలిగాలి మొదలైంది. సముద్రం ఏమీ ఇవ్వలేదు. ఇక చాల్లెమ్మని పెద్దలు, కనీసం మంచమైనా తీసేద్దామని ఆ రోజు వచ్చారు.

మంచాన్ని మళ్లీ లోపలే వేసి, ముక్కున వేలేసుకుంటూ వెళ్లిపోయారు.

*

గవ్వలపేటని మీరు మ్యాపులో వెతకొద్దు. భీమిలి దాటి ఉత్తరంగా, ఇసక మీద అతికించినట్టుండే ఊరు మాది. నా చిన్నతనంలో సముద్రానికీ మాకూ మధ్య రెండు వీధులుండేవి. ఏటా కొంచెం కొంచెంగా అది వాటిని మింగేసింది. మేం పుట్టిన చుట్టిల్లు కూడా అలాగే పోయింది. గుండ్రటి మట్టిగోడ, నేలకి దాదాపు ఆనే తాటాకు చూరు, వంగితే తప్ప లోపలికి పోలేం. అమ్మ మమ్మల్నిద్దర్నీ చెరో చంకన వేసుకుని బయటికి పరిగెత్తడం నాకు గుర్తుంది. ఇల్లు పోయినందుకు ఆమె ఏడవలేదు, పొయ్యిలో నిప్పు తేలేదని ఏడ్చింది.

అందుకే చదివి చదివి ఇళ్లు కట్టే ఇంజనీరునయ్యాను. డాక్టర్ ముకుందరావు గారి ప్రయోగశాలలో చేరాను. సారు జీవశాస్త్రం మనిషి. తొట్లలో ఆల్చిప్పల్ని పెంచుతూ, వాటితో మాట్లాడుతూ, మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోయే రకం. నా పేరు సన్యాసమ్మ అని చెప్పగానే పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పనిచేసి, వెనకున్న కొండ ఎక్కించారు. అక్కడ పాత బౌద్ధారామం ఉంది. ఇటుకల గదుల పునాదులు వరసగా ఉంటాయి, వాటికి ఎదురుగా సముద్రం.

"చూశావా సన్యాసమ్మా, నీ బంధువులు ఇక్కడ కూర్చునేవాళ్లు," అన్నారు. "సముద్రం ముందర మనిషి చేసినవి మూడే. భిక్షువులు కొండెక్కి దూరం నుంచి చూశారు. ఓడల మీద వచ్చిన డచ్చివాళ్లు ఎదురుగా మందపాటి గోడ కట్టి నిలబడ్డారు. మీవాళ్లు ఇల్లు గుండ్రంగా కట్టి, గాలిని పక్కనుంచి పోనిచ్చారు. ముగ్గురూ దాన్ని పరాయిదిగానే చూశారు. మనం దాన్నే మేస్త్రీని చేద్దామా?"

ఆ మాటకి నేను పడిపోయాను. చిన్నప్పుడు మా ఇంటిని మింగినదాని చేతే ఇల్లు కట్టించుకోవడం! అంతకంటే ఏం కావాలి?

ఆల్చిప్పకి దాని ఇల్లు కట్టిపెట్టేది లోపలుండే పల్చటి పొర. సారు ఆ పొరలోని జీవాన్ని మచ్చిక చేసి గుల్లసున్నంలో బతికేలా చేశారు. జీవసున్నం అని పేరు పెట్టాం. దానితో గోడ కడితే అది సముద్రపు తుంపర తాగుతుంది. తాగి పెరుగుతుంది. అల వచ్చి ఎక్కడ కొడితే అక్కడ మరింత మందమవుతుంది. పగులిస్తే తెల్లారేసరికి పూడుకుంటుంది. ఊరి ముందు వీధి మొత్తం, ఇంటికీ ఇంటికీ సందు లేకుండా, గోడా గడపా అన్నీ దానితోనే కట్టాం. వీధంతా కలిసి ఒకటే ప్రాణం.

తర్వాతి తుపానుకి సముద్రం ఒక్క ఇటుక కూడా తీసుకెళ్లలేకపోయింది. ఆ రోజు నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఊరు ఊరంతా నన్ను ఎత్తుకున్నంత పని చేసింది.

కిటికీలు మాత్రం నెమ్మదిగా చిన్నవైపోయాయి. చుట్టిళ్లలో పుట్టిన జనం కిటికీ పోయిందని ఏడవరు. గాలి దెబ్బ తగ్గిందని సంతోషించారు. గుమ్మాలు ఏ ఇంట్లోనూ తగ్గలేదు. మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు కాబట్టి, వాళ్ల ఒంటి రాపిడికి అక్కడ పెరగదని సారూ నేనూ తేల్చేసుకున్నాం. అంతటితో ఆ సంగతి వదిలేశాం.

*

మంచం ఇరుక్కున్న మర్నాడు అప్ప దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఒంటిని పక్కకి తిప్పుకుని లోపలికి దూరాను.

నేను ఆ ఇంట్లోకి పగటిపూట అడుగుపెట్టి చాలా రోజులైంది. నోరెళ్లబెట్టాను. నేను గీసిన నాలుగు మూలలూ లేవు. గోడలు మూలల్లో వంపు తిరిగి, గది గుండ్రమైపోయింది. అచ్చం మా పాత చుట్టిల్లే. గోడల మీద ఆల్చిప్ప లోపలుండే మెరుపు. గుమ్మంలోంచి వచ్చే కొంచెం వెలుతురూ ఆ మెరుపు మీద పడి లేతగా, గులాబీగా, నీలంగా గదంతా మెల్లగా కదులుతోంది. బయట అల విరిగినప్పుడల్లా లోపల గోడ సన్నగా మోగుతోంది. నిలబడితే చాలు, కళ్లు మూతలు పడుతున్నాయి. నీళ్ల అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టుంది.

"బాగుంది గదా," అంది అప్ప. "నాకిక్కడే బాగుంది."

"ఏటి బాగుండడం? అన్నం తిన్నావా?"

"తిన్నాన్లే. ఇలా రా, సూడు."

గోడకి ఒక మేకు ఉండేది. దానికి బావ నీలం చొక్కా తగిలించి ఉండేది, వేటకి వెళ్లేముందు విప్పి తగిలించినది. ఇప్పుడు మేకు లేదు. గోడ ఆ చొక్కాని కమ్మేసింది. భుజాలూ, చేతులూ, జేబూ అన్నీ మెరిసే పొర కింద ఉన్నాయి. వేలితో తడిమితే మడతలు తెలుస్తున్నాయి. మెడ దగ్గర కొంచెం బట్ట, దాని కింద ఒక ఎర్ర గుండీ మాత్రం ఇంకా బయటికి కనిపిస్తున్నాయి. నీలం చొక్కాకి ఎర్ర గుండీ కుట్టింది అప్పే. ఇంట్లో వేరేది లేదని కుట్టింది, బావ ఊరంతా తిరిగి అందరికీ చూపించి ఎగతాళి చేశాడు.

"ఆల్చిప్పలో ఇసక రేణువు పడితే ఏటవుద్ది? నువ్వే గదా సెప్పినావు," అంది అప్ప. "ఆడి సొక్కా ముత్తెమైపోనాది సూడవే."

ఏడుపొస్తే అప్ప ముందు ఏడవడం నా వల్ల కాదు. కాబట్టి తిట్టాను.

"ముత్యం లేదు, నా మొహం లేదు. గుమ్మం మూసుకుపోతోందే! ఇంకొన్నాళ్లకి నువ్వు బయటికి రాలేవు."

"రాకపోతే ఏటి? సముద్రంలో ఆడున్నాడు. ఇదీ సముద్రమే గదా. అల కొట్టినప్పుడు ఆడు తెప్ప లాగుతా కేకేసినట్టే వినబడతాది నాకు."

చెవి ఆనించాను. నాకు అల చప్పుడే వినిపించింది. ఆ మాట అప్పకి చెప్పలేదు.

*

సారు ఆలోచన సారుది. "ఆమె బయటికి రావడం లేదు. రాకపోకలు లేవు. అందుకే మూసుకుంటోంది," అన్నారు.

సరే, రాకపోకలే కదా కావాలి. సెలవు పెట్టి మరీ అప్ప గుమ్మంలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. లోపలికి దూరడం, బయటికి రావడం. భుజాలు రాసుకుపోయి మండుతున్నా ఆపలేదు. వీధిలో ఆడవాళ్లు పీటలేసుకుని కూర్చున్నారు.

"ఏటే సన్యాసీ, ఇంజనీరుద్యోగం పోయిందేటి? తిరగలిలా తిరగతన్నావు?" అంది ఎదురింటి కూర్మమ్మ పిన్ని.

"నీ నోట్లో ఉప్పు పొయ్యా, నవ్వకే!"

వారం తర్వాత కొలిచాను. తగ్గడం ఆగలేదు. గుమ్మం ముందు చతికిలబడ్డాను. చదివిన చదువంతా గాలికి పోయిందనిపించింది.

అప్పుడు కూర్మమ్మ పిన్ని గిన్నె పట్టుకుని వచ్చి, తన గడప కడిగి, పసుపు రాయడం మొదలుపెట్టింది. శుక్రవారం. గడప మీద పసుపు పడగానే ఎర్రబడింది. సున్నానికి పసుపు తగిలితే అంతేగా. మా వీధి గడపలన్నీ అందుకే ఎర్రగా ఉంటాయి. కొత్త ఇళ్లలో చేరిన మొదటి శుక్రవారం అందరూ అది చూసి, మా ఇళ్లు పెళ్లికూతుళ్లయి పారాణి పెట్టుకున్నాయని మురిసిపోయారు. పిన్ని గడప అయ్యాక ద్వారబంధం అంచుల వెంట కూడా వేలితో రాసుకుంటూ పైదాకా వెళ్లింది.

వీధి పొడుగునా చూశాను. ఎర్ర గడప, ఎర్ర గడప, ఎర్ర గడప. అప్ప గడప ఒక్కటే తెల్లగా ఉంది.

పిన్ని చేతిలో గిన్నె లాక్కుని పరిగెత్తాను. "ఓలమ్మో, దీనికి పిచ్చెక్కీసినాదర్రా!" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది.

ప్రయోగశాలలో సారు జీవసున్నం ముక్క మీద ఒక్క చుక్క పసుపునీళ్లు వేసి, భూతద్దంలో చూశారు.

"నిద్రపోయింది," అన్నారు చివరికి. "చావలేదు. పసుపు పడ్డచోట పెరగడం మానేసి పడుకుంది. అయ్యో, అయ్యో! అన్ని పరీక్షలు చేశాం, ఉప్పు, ఎండ, తుప్పు, నూనె. దీన్ని చేయలేదు."

"పరీక్షలకని మనం ఇక్కడ గోడలే కట్టాం సార్. గడప కట్టలేదు," అన్నాను. గడపలకి పసుపు రాసే ఊళ్లో పుట్టి, అమ్మ వేలు పట్టుకుని పసుపు రాసిన నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మరైతే బస్తాడు పసుపు కలిపి ఆ ఇంటికి కొట్టిద్దామా సార్?"

"కొంప ముంచుతావు! వీధంతా ఒకటే ప్రాణం. గుమ్మం దగ్గర పిడికెడైతే పైపైనే ఉంటుంది. బస్తా పోస్తే లోపలికి దిగి మొత్తం నిద్రపోతుంది. అదే సమయానికి తుపానొస్తే?"

తుపాను రానే వచ్చింది. రెండు రోజుల్లో తీరం దాటుతుందని రేడియోలో చెప్పారు. సారు కాగితం మీద లెక్క వేసి నాకు ఇచ్చారు. అలలు అంత గట్టిగా కొడితే గోడ ఆరు నెలల పెరుగుదల ఒక్క రోజులో పెరుగుతుంది. అప్ప ఇంటికి గుమ్మం ఉండదు.

*

తుపాను షెల్టరుకి జనం మూటలు నెత్తిన పెట్టుకుని పోతున్నారు. మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. నేను పసుపు గిన్నె పట్టుకుని అప్ప ఇంట్లోకి దూరాను. దూరేటప్పుడు ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది.

లోపల గోడలు ఎప్పటికంటే ఎక్కువ మెరుస్తున్నాయి. అల దెబ్బకి గది మొత్తం ఒకే స్వరంలో మోగుతోంది. అప్ప చొక్కా పక్కన గోడకి చెంప ఆనించి కూర్చుంది.

"లే. షెల్టరుకి పోదాం."

"నువ్వెల్లు."

"అయితే గడపకి పసుపన్నా రాయనీ." వంగాను.

ఒక్క ఉదుటున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అన్నం సరిగా తినని మనిషికి అంత బలం ఎక్కడిదో.

"నా ఇంటి గడపకి నువ్వు రాస్తావేటి? ఆడు పోనాడని నువ్వు సెప్తావేటి? సముద్రం సెప్పనేదు, నువ్వెవులివే?"

"నీ చెల్లెల్నే! ఇంకెవరు?"

"రాసీసి ఎల్లు. నువ్వలా ఎల్లగానే కడిగెత్తాను."

కడిగేస్తుంది. నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ మొండిఘటం. బతిమాలాను, అమ్మ మీద ఒట్టు పెట్టాను, చెయ్యి పట్టుకుని గుంజాను. కదల్లేదు. నాకిక కోపం ఆగలేదు.

"చావు, ఇక్కడే చావు! నిన్ను లోపలుంచి మూసేసేది నా గోడేనే, నేను కట్టిన గోడే! ఎలా బతకమంటావు నన్ను? ముత్యమంట ముత్యం! చూడు, ఈ గాలికి గోడ ఇంకా మందమవుద్ది. నువ్వు పోవడం తర్వాత మాట. ముందు ఆ గుండీ పోతాది. రేపటికి అక్కడ ఉత్త గోడే ఉంటాది, చొక్కా ఎక్కడుందో నీక్కూడా తెలీదు!"

ఆలోచించి అన్న మాట కాదది. ఏడుస్తూ అరిచాను.

అప్ప గోడ వైపు తిరిగింది. వేలితో ఎర్ర గుండీని తడిమింది. అప్పటికే సగం మునిగింది అది. చుట్టూ పొర అంచు సన్నగా పైకి పాకుతోంది.

"దీన్ని ఆపనేవేటి?" అంది. గొంతు చిన్నదైపోయింది.

"పసుపొక్కటే ఆపుతాది."

"గుండీ సుట్టూ రాస్తే సాలా?"

ఒక్క క్షణం అబద్ధం చెబుదామనిపించింది. చాలదు, గడపకి కూడా రాయాలి అందామనుకున్నాను. నోరు రాలేదు.

"చాలు," అన్నాను.

గిన్నె తీసుకుంది. కడవలోంచి నీళ్లు వంచుకుని పసుపు కలిపింది. వేలు ముంచింది. గుండీ దాకా తీసుకెళ్లిన వేలు అక్కడే ఆగిపోయింది. పసుపు చుక్క వేలి చివర నుంచి కారి నేల మీద పడి, ఎర్రబడింది.

"గడపకి రాయకుండా గోడకి ఎవులన్నా రాస్తారేటే," అంది.

నేను గుమ్మానికి అడ్డు తప్పుకున్నాను.

గుమ్మం దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుంది. కొంగుతో గడప తుడిచింది. ఈ చివర నుంచి ఆ చివరకి, అమ్మ రాసినట్టే, అరచేత్తో నిదానంగా రాసింది. తెల్లటి గడప ఎర్రబడుతూ వచ్చింది. అంచుల వెంట పైకి వేలు అందినంత వరకు రాసింది, అందని చోట నేను రాశాను. అప్పుడు లేచి వచ్చి, ఎర్ర గుండీ చుట్టూ ఒక సున్న చుట్టింది.

"సముద్రం ఏదీ ఇవ్వలేదని కదే నీ పట్టు," అన్నాను. ఎందుకన్నానో, నోరు మూసుకుని ఉండాల్సింది.

"ఇచ్చీసినాదిలే," అంది అప్ప, గుండీ మీంచి చూపు తిప్పకుండా. "ఎప్పుడో ఇచ్చీసినాది. నానే పుచ్చుకోనేదు."

అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలలకి, గోడలన్నీ మోగేట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి, ఒకరి వెనక ఒకరం ఆ గుమ్మంలోంచి గాలిలోకి వచ్చాం.

*

తుపాను వీధిని ఏమీ చేయలేకపోయింది. గోడలు ఇంకో మూరెడు మందమయ్యాయి. మిగిలిన కిటికీలు కూడా పూడుకుపోయాయి. అప్ప గుమ్మం మాత్రం ఆ రోజు ఎంతుందో అంతే ఉంది. పసుపు పెరుగుదలని ఆపుతుంది గానీ, పెరిగినదాన్ని వెనక్కి తీసుకోదు. కోయిద్దామన్నాను. గాయం తగిలితే మరింత పెరుగుతుందని సారు వద్దన్నారు. అప్ప అసలే వద్దంది. సన్నగా ఉన్నాను కదా, పడతాన్లే అంది. మంచం లోపలే ఉండిపోయింది. ఇక ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఇప్పుడు దాని మీద అప్ప వలలు ఆరేస్తోంది.

చొక్కా పూర్తిగా గోడలో కలిసిపోయింది. నున్నటి మెరుపులో ఒక చిన్న ఎర్ర సున్న, దాని మధ్య ఎర్ర గుండీ. తెలియనివాళ్లు చూస్తే గోడకి బొట్టు పెట్టారనుకుంటారు.

పోయిన శుక్రవారం సారుని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. కొత్త వీధి ప్లాను అప్పకి చూపిద్దామని. ఈసారి గోడలకంటే ముందు గడపలు గీశాను. వీధి మొదట్లోనే చేప పులుసు వాసన కొట్టింది. ఎవరింట్లోదో అనుకున్నాను. దగ్గరికొచ్చాక తెలిసింది, అప్ప ఇంట్లోదే. సారు ఆ వాసనకి తొందరపడి నాకంటే ముందు గుమ్మం వైపు కాలు వేశారు. లోపల నుంచి గయ్యిమని గొంతు వినిపించింది.

"ఆగండి బాబూ, గడప తొక్కీకండి! పసుపింకా ఆరనేదు!"